రేకుల మీద పీచు పరుపులు

"సైలెన్స్!" అని హర్ష అరవడమూ, నెత్తిమీద టకటకమని సుత్తి దెబ్బలు పడడమూ ఒకేసారి జరిగాయి.

చిక్కడపల్లి సందులో ఆ పాత మేడ మీద సినిమా షూటింగు మొదలై అప్పటికి గంట కూడా కాలేదు. హర్ష సౌండ్ రికార్డిస్టు. సొంతంగా చేస్తున్న మొదటి సినిమా. చెవులకి హెడ్‌ఫోన్లు, ఒళ్ళో సౌండ్ మిక్సరు, ముఖం నిండా బాధ్యత. ఆ హెడ్‌ఫోన్లలో సుత్తి దెబ్బ ఎలా వినిపిస్తుందో పడ్డవాడికే తెలుస్తుంది.

"ఎవరయ్యా ఆ సుత్తి? దిగు కిందికి!"

నిచ్చెన మీదనుంచి ముందు కాన్వాస్ బూట్లు దిగాయి. తర్వాత నడుముకి కట్టుకున్న పనిముట్ల సంచి దిగింది. ఆఖరికి పళ్ళమధ్య రెండు మేకులు పట్టుకున్న ఒక అమ్మాయి కనిపించింది. మేకులు తీసి అరచేతిలో పెట్టుకుని తాపీగా అంది.

"అయ్యా కాదు. రాగిణి. ఆర్ట్ డైరెక్టర్ని. నీ సీన్ల గోడ ఉండాల్నా, వద్దా?"

"ఉండాలె. చప్పుడు లేకుంట ఉండాలె."

"చప్పుడు లేకుంట మేకు ఎట్ల దిగుతది? నువ్వొచ్చి బతిమిలాడు, దిగుతదేమో."

కెమెరామన్ నాగేందర్ పడీ పడీ నవ్వాడు. డైరెక్టర్ నవనీత నవ్వు కనపడకుండా స్క్రిప్టు అడ్డం పెట్టుకుంది. హర్ష చెవులు హెడ్‌ఫోన్ల కింద ఎర్రబడ్డాయి. వాళ్ళ పరిచయం ఆ విధంగా, అంటే ఏమాత్రం బాగాలేని విధంగా, జరిగింది.

సినిమా పెద్దదేం కాదు. గ్రూప్స్ పరీక్షలకి చదువుకునే ఒక పల్లెటూరి పిల్ల కథ. మామూలుగా మన సినిమాల్లో షూటింగప్పుడు పలికిన మాటలు పక్కనపెట్టేసి, తర్వాత స్టూడియోలో మళ్ళీ డబ్బింగ్ చెప్పిస్తారు. నవనీత మాత్రం కుదిరినంతవరకు మాటని అక్కడికక్కడే పట్టాలంది. దాంతో హర్షకి రెక్కలొచ్చాయి, రాగిణికి తలనొప్పి వచ్చింది.

ఎందుకంటే ఆమె ముచ్చటపడి తెచ్చిన ప్రతి వస్తువూ చప్పుడు చేసేదే. ఇనప మంచం కిర్రుమనేది. స్టీలు గ్లాసు ఠంగుమనేది. సుల్తాన్ బజార్‌లో బేరమాడి తెచ్చిన టేబుల్ ఫ్యాను గరగరమనేది. హర్ష గ్లాసు కింద గుడ్డముక్క అతికించాడు, మంచం కీళ్ళలో కొబ్బరినూనె పోశాడు, ఫ్యాను దగ్గరకొచ్చేసరికి ఆపెయ్యమన్నాడు.

"ఫ్యాన్ లేకుంట ఎవరు చదువుతరు?" అంది రాగిణి. "నేను మూడేండ్లు అశోక్‌నగర్ హాస్టల్‌ల గ్రూప్స్‌కు చదివిన. నాకు చెప్తున్నవా?"

"ఫ్యాన్ ఉండనీ. రెక్కలు తిరగనీ. మోటార్ తిరగొద్దు."

"గదెట్ల?"

"ఆర్ట్ డైరెక్టర్ నువ్వు కదా. నువ్వే చెప్పాలె."

మర్నాడు ఫ్యాను కిక్కురుమనకుండా తిరిగింది. మోటారు విప్పేసి, ఇరుసుకి నల్లదారం చుట్టి, కెమెరాకి కనపడకుండా మంచం వెనక నేలమీద కూర్చుని రాగిణే దారం లాగుతోంది. సీను అయ్యేసరికి ఆమె వేళ్ళు కందిపోయాయి. హర్ష ఐసు ముక్కలు రుమాల్లో చుట్టి తెచ్చిచ్చాడు. "ఐస్ చప్పుడు చేస్తదేమో, జర చూస్కో," అంది గాని, తీసుకుంది.

ఇరవై రోజులయ్యేసరికి కళ్ళు మూసుకుని కూడా రాగిణి ఎక్కడుందో హర్ష చెప్పగలుగుతున్నాడు. మెట్లమీద ఆమె బూట్ల కిచకిచ, సంచిలో స్క్రూడ్రైవర్ల గలగల. ఆ చప్పుడు టేకులో పడితే కోప్పడాలి. రోజంతా పడకపోతే ఏదో వెలితిగా ఉంటోంది. ప్రేమ అనే మాట అతనింకా అనుకోలేదు. వేరే మాట వెతికితే దొరకలేదు కూడా.

చివరి రోజు శనివారం. మిగిలింది ఒకే ఒక్క సీను, సినిమాకి ప్రాణంలాంటిది. పరీక్ష తప్పి, ఇంటికి ఫోను కూడా చెయ్యని కూతురి కోసం తండ్రి వానలో తడుస్తూ డాబామీది రేకుల గదికి వస్తాడు. పక్కగదిలో పిల్లలు చదువుకుంటున్నారని గొంతు తగ్గించి రెండు ముక్కలు మాట్లాడతాడు. ఆ తండ్రి వేషం వీరరాఘవరావు గారిది. నారాయణగూడలో ఉంటారు. నలభై ఏళ్ళుగా నాటకమే ఆయన లోకం. ఆయన గుసగుసలాడినా ఆఖరి వరసకి వినపడుతుందని పేరు.

పొద్దున రిహార్సల్ బ్రహ్మాండంగా జరిగింది. అయ్యాక ఆయన నీళ్ళ ట్యాంకు చాటుకి వెళ్ళి భార్యకి ఫోను చేశారు. చొక్కా లోపల మైకు ఉన్న సంగతి మర్చిపోయారు.

సౌండువాళ్ళకి ఒక కట్టుబాటు ఉంది. 'కట్' అనగానే నటుల మైకు తగ్గించెయ్యాలి. పొరపాటున ఏదైనా చెవిన పడితే అది అక్కడే ఆగిపోవాలి. హర్ష వేలు మీట మీదికి వెళ్ళేలోపలే మాటలు వినపడిపోయాయి.

"సోమవారమే కదా నళినీ ఆపరేషను. తర్వాత గొంతు ఇలా ఉంటుందని డాక్టరే చెప్పలేనన్నాడు. ఇక్కడ మాత్రం ఎవరికీ చెప్పలేదు. తెలిస్తే జాలిపడతారు. జాలిపడే మనుషుల మధ్య నేను నటించలేను."

హర్ష గబుక్కున హెడ్‌ఫోన్లు తీసేశాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. ఆ గొంతుకి మిగిలిన పని ఇవాళ్టి ఈ ఒక్క సీనేనని ఆ డాబా మీద తెలిసినవాడు తనొక్కడే.

మధ్యాహ్నం ఒంటిగంటకి వాన మొదలైంది. అంటే ట్యాంకరు వాన. పైపుల్లోంచి నీళ్ళు రేకుల మీద పడేసరికి పెళ్ళిలో వందమంది ఒకేసారి పళ్ళేలు వాయించినంత మోత. వీరరాఘవరావు గారి పెదవులు కదిలాయి, మాట మాత్రం పక్కనున్న కూతురి వేషం అమ్మాయికే వినపడలేదు.

నవనీత నీళ్ళు ఆపించింది. "లాభం లేదు హర్షా. ఈ ఒక్కటి వదిలెయ్. వచ్చే నెల సార్‌తో డబ్బింగ్ చెప్పించుకుందాం."

అందరూ హమ్మయ్య అనుకున్నారు.

"వద్దు మేడం. ఈ మాట ఇవాళ్నే దొరకాలె."

"ఎందుకు?"

వీరరాఘవరావు గారివైపు చూడకుండా ఉండడానికి హర్ష నానా తంటాలు పడ్డాడు. "డబ్బింగ్‌ల ఈ ఫీల్ రాదు."

"సార్‌కి ఫీల్ రాదా? ఎవరి గురించి మాట్లాడుతున్నవో తెలుస్తుందా?"

"పోనీలెండమ్మా, వచ్చే నెల చూద్దాం," అన్నారు వీరరాఘవరావు గారు తల వంచుకుని. ఆ 'వచ్చే నెల' హర్షకి గుండెలో గుచ్చుకుంది.

"రేకులు తీసేద్దాం," అన్నాడు మొండిగా.

రాగిణి అందుకుంది. "ఏందీ? నాలుగు దినాలు ఎండల నిలవడి కట్టిన కప్పు అది. ముందే చెప్పనీకి ఏమైంది?"

"లొకేషన్ చూడనీకి సౌండ్‌వాణ్ని ఎవరన్న పిలుస్తరా? పిలిస్తే చెప్పకపోదునా?"

"సరే. ఇప్పుడు కారణం చెప్పు. సరైందైతే నా చేతుల్తోనే పీకేస్త."

హర్ష వంగి మిక్సరు తీగలు సర్దసాగాడు. రాగిణి ఒక నిమిషం చూసి, విసురుగా మెట్లు దిగిపోయింది. బూట్ల కిచకిచ ఒక అంతస్తు దిగింది. రెండో అంతస్తు సగం దిగింది. అక్కడ ఆగింది. కిచకిచ మళ్ళీ పైకి రాసాగింది.

"ఇరవై రెండు దినాల్ల నువ్వు కారణం చెప్పకుంట ఒక్కటి అడగలే," అంది దగ్గరికొచ్చి, అతనికి మాత్రమే వినపడేలా. "ఇవాళ చెప్తలేవంటే అది చెప్పకూడనిదే అయ్యుంటది. అడగ. రేకులు మాత్రం తియ్య. చప్పుడు ఎట్ల తగ్గుతదో చెప్పు."

హర్ష తలెత్తి రేకులవైపు చూశాడు. "పైన మెత్తగ ఏదన్న పరవాలె. నీళ్ళు పీల్చేది. కొబ్బరి పీచు లాంటిది."

"టార్పాలిన్?"

"పాప్‌కార్న్ వేయించినట్టు వినపడ్తది."

రాగిణి కళ్ళు ఒక్కసారి మెరిశాయి. "పీచు పరుపులు! హాస్టల్ నిండ అవే. బండి తియ్."

"ఐదు దాటితే నాకు వెలుతురు ఉండదు," అని వెనకనుంచి నాగేందర్ అరిచాడు. "ట్యాంకర్ల నీళ్ళు గూడ ఒక్క టేకుకే ఉన్నయ్!"

అప్పుడు టైము ఒంటిగంటన్నర. స్కూటరు మీద అశోక్‌నగర్ పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ రాగిణి చెయ్యి హర్ష భుజం మీద ఉంది. గతుకుల వల్లేనని అతను తనకి తాను చెప్పుకున్నాడు. మంచి రోడ్డు వచ్చినా ఆ చెయ్యి అక్కడే ఉంది.

హాస్టలు నడిపే సులోచన గారు విషయం విని చెంపలు వాయించుకున్నారు. "పరుపులు తీస్కపోయి నీళ్ళల్ల తడుపుతవా? చదువు ఇడిచిపెడితివి, తెలివి గూడ ఇడిచిపెట్టినవా రాగిణీ?"

రాగిణి ఆవిడతో వాదన పెట్టుకోలేదు. భోజనాలు చేస్తున్న అమ్మాయిల మధ్యకి వెళ్ళి నిలబడింది. "చెల్లే, మీ గురించే సినిమా. పరీక్ష పోయినంక నాన్నకు ఫోన్ చెయ్యనీకి భయపడే పిల్ల కథ. ఆ నాన్న మాట జనానికి వినపడాల్నంటే మీ పరుపులు కావాలె. ఈ రాత్రి చాపమీద పండుకోవాలె. ఇస్తరా?"

ఒకమ్మాయి చెయ్యెత్తింది. "అక్కా, ఆ సినిమాల మన హాస్టల్ పప్పు గురించి ఉన్నదా?"

"ఉన్నది. నీళ్ళ పప్పు అనే ఉన్నది."

"అయితే తీస్కపో!"

భోజనాలు ఎక్కడివక్కడ వదిలేసి అమ్మాయిలు మెట్లమీదికి పరిగెత్తారు. పరుపులు ఒక్కొక్కటే కిందికి జారుతూ వచ్చాయి. మొత్తం ఇరవై ఎనిమిది. సులోచన గారు పప్పు మాట విననట్టు నటించి, "రూమ్ నంబర్లు రాసుకోండ్రి. రేపు పొద్దూకేవరకు ఎండబెట్టి ఎవరియి వాళ్ళకు అప్పజెప్పాలె," అని ఒక్కటే షరతు పెట్టారు. హర్ష మార్కరుతో నంబర్లు రాస్తూ పోయాడు. అతని చేతిరాత అంత అందంగా ఎప్పుడూ లేదు.

ట్రాలీ ఆటోలో పరుపుల కొండ, దానిమీద కాపలాగా రాగిణి, ముందు స్కూటరు మీద హర్ష. చిక్కడపల్లి చౌరస్తాలో ఒకాయన ఆటో ఆపి, "పరుపు ఎంతమ్మా?" అని అడిగాడు. "అమ్మకానికి కాదు పెద్దనాన్నా, వాన కోసం," అంది. ఆయన ఆకాశంవైపు చూసి దారిచ్చాడు.

తర్వాత రెండు గంటలూ ఆ డాబా మీద ఎవరు ఏ డిపార్టుమెంటో ఎవరికీ గుర్తులేదు. లైట్లవాళ్ళు పరుపులు మోశారు. రాగిణి పైనెక్కి వరసగా పరిచింది. నాగేందర్ గగ్గోలు పెట్టాడు.

"చూరు కనపడ్తది నాకు ఫ్రేముల. పరుపు కనపడొద్దు. కానీ చూరుకెళ్ళి నీళ్ళు ధార కట్టాలె!"

"రేకు మీద పడితే చప్పుడైతది," అన్నాడు హర్ష.

"పడకుంట జారితే?" అంది రాగిణి. చూరు దగ్గర ఆఖరి అడుగు మేర రేకు పొడుగునా గోనెపట్టా కట్టింది, దానిమీద సన్న పైపు పెట్టింది. నీళ్ళు గోనెలోకి ఇంకి, చూరు చివర దారాల్లా జారాయి. నాగేందర్ కెమెరాలోంచి చూసి, "నా వానకన్న ఇదే బాగుందిరా బై," అన్నాడు. నేలమీద ధార పడేచోట తడిగోనెలు పరిచారు. నీళ్ళ మోటారుని వెనకసందులోకి మార్చారు. కాస్ట్యూమ్స్ చూసే స్వరూప, తడిసిన చొక్కా మైకుకి రాసుకోకుండా లోపల చిన్న గుడ్డ జేబు కుట్టిపెట్టింది. నాలుగూ ముప్ఫైఐదుకి హర్ష హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు.

"రోల్ సౌండ్," అంది నవనీత.

"స్పీడ్," అన్నాడు హర్ష, రికార్డింగు నడుస్తోందని.

వాన పడింది. హెడ్‌ఫోన్లలో ఇప్పుడు మోత లేదు. ఎక్కడో దూరంగా చెట్లమీద కురుస్తున్నట్టు మెత్తగా వినిపిస్తోంది. తలుపు చప్పుడైంది. కూతురు తలెత్తి, తడిసి ముద్దయిన తండ్రిని చూసింది. చూడగానే వెనక్కి జరిగింది.

"నాయనా, రిజల్టు..."

వీరరాఘవరావు గారు గుమ్మంలోనే ఆగారు. ఆయన ఊపిరి తీసుకోవడం హర్షకి వినిపించింది. చొక్కా అంచునుంచి చుక్క పడడం వినిపించింది.

"రిజల్టు అడగనీకి రాలే బిడ్డా," అన్నారు, పక్కగదికి వినపడకుండా. "నువ్వు తిన్నవో లేదో చూసి పోదామని వచ్చిన."

ఆ అమ్మాయి ఏడుపు స్క్రిప్టులో ఉంది. అంత ఏడుపు లేదు. కెమెరా వెనక నాగేందర్ భుజంతో కళ్ళు తుడుచుకున్నాడు. హర్షకి ప్రతి అక్షరం, అక్షరానికీ అక్షరానికీ మధ్యనున్న తడి, అంతా అందింది. ఒక్క ముక్క కూడా పోలేదు.

"కట్!" అంది నవనీత. అందరూ హర్షవైపు తిరిగారు. హర్ష బొటనవేలు పైకెత్తాడు. చిక్కడపల్లి మొత్తం వినేంత గోల లేచింది.

ఆ గోలలో వీరరాఘవరావు గారు టవలు కప్పుకుని అతని దగ్గరికొచ్చారు. "పొద్దున్న నా ఫోను విన్నావు, కదూ?"

"మైకు తగ్గించేలోపల పడ్డది సర్. తప్పు నాదే."

"ఎవరితో అన్నావు?"

"ఎవరితో అనలే సర్."

ఇంక నటించేది లేదు కదా అన్నట్టు ఆయన అందరివైపు తిరిగి, ఆపరేషను సంగతి తనే చెప్పేశారు. గోల ఆగిపోయింది. నవనీత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రాగిణి పైపు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"నాకన్న చెప్పాల్సింది," అంది తర్వాత హర్షతో.

"ఆ మాట నాది కాదు కదా, చెప్పనీకి."

రాగిణి పైపు కింద పెట్టింది. తడిచేతులతో అతని హెడ్‌ఫోన్లు మెడలోంచి తీసి, తువ్వాలతో తుడిచి, మళ్ళీ మెడలో వేసింది. దండ వేసినట్టే ఉందని నాగేందర్ అన్నాడు. ఎవరూ కాదనలేదు.

ఆదివారం ఇద్దరూ హాస్టలు డాబా మీద ఇరవై ఎనిమిది పరుపులు ఎండబెట్టారు. మబ్బు వచ్చినప్పుడల్లా మెట్ల కిందికి లాగడం, ఎండ రాగానే మళ్ళీ పరవడం. పన్నెండో నంబరు పరుపు తిప్పుతూ హర్ష ధైర్యం తెచ్చుకున్నాడు.

"రాగిణీ, నీకొకటి చెప్పాలె."

"మళ్ళ కారణం చెప్పకుంట అడిగేదేమన్ననా?"

"కారణాలు చానా ఉన్నయ్."

"గట్లయితే టైం పడ్తది. సినిమా రిలీజైనంక చెప్పు. ఇప్పుడు ఆ చివర పట్టుకో." ముఖం పక్కకి తిప్పుకుంది గాని, నవ్వు దాగలేదు.

ఏడు నెలలకి సినిమా విడుదలైంది. నారాయణగూడ దగ్గర థియేటర్లో మొదటి ఆట. ముందు రెండు వరసలు హాస్టలు అమ్మాయిలవి. హర్షకి ఒకపక్క రాగిణి, ఇంకోపక్క వీరరాఘవరావు గారు. ఆపరేషను బాగా జరిగింది, ఆయన క్షేమం. గొంతు మాత్రం పొడిగాలిలా మిగిలింది. వెనక వరసలో రాగిణి నాన్న లక్ష్మయ్య. కూతురు సర్కారు కొలువు చదువు వదిలి సుత్తి పట్టుకుందని ఊళ్ళో ఎవరికీ చెప్పుకోలేక, అసలు ఆ పనేమిటో చూద్దామని పొద్దున్నే బస్సెక్కి వచ్చాడు.

తెరమీద వాన పడింది. తండ్రి గుమ్మంలో ఆగాడు. 'తిన్నవో లేదో చూసి పోదామని వచ్చిన' అన్న మాట ఆరువందల మంది మధ్యలో మెల్లగా నడిచి వెళ్ళింది. సీట్లు కూడా కిర్రుమనలేదు. తర్వాత ముందువరసల్లో మొదలైన చప్పట్లు పైదాకా పాకాయి. వీరరాఘవరావు గారు హర్ష మణికట్టు గట్టిగా పట్టుకున్నారు.

"నాదేనా ఆ గొంతు?" అన్నారు గాలితో.

"మీదే సర్. ఎప్పటికీ మీదే."

ఆయన ఏడుస్తూ నవ్వారు. హర్షకి జీవితంలో అంతకన్నా గొప్ప జీతం అక్కర్లేదనిపించింది.

సినిమా అయిపోయింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతుంటే పేర్లు మొదలయ్యాయి. హర్ష కూడా లేచి రాగిణివైపు తిరిగాడు.

"రిలీజైంది. చెప్పనా?"

"చెప్పు."

"నిన్ను పెళ్ళి చేసుకోవాల్నని ఉంది."

"ఏడు నెలల సంది ఆ ముక్క కోసమే చూస్తున్న, మొద్దూ."

వెనకనుంచి ఒక చెయ్యి హర్ష భుజం తట్టింది. "ఓ బాబూ, జర కూసో. నా బిడ్డ పేరొస్తది, అడ్డమున్నవ్."

హర్ష దబ్బున కూర్చున్నాడు. 'ఆర్ట్ డైరెక్టర్ రాగిణి' అని వచ్చింది. లక్ష్మయ్య ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని పైకి చదివాడు. రెండోసారి కూడా చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకునేసరికి దానికింద ఇంకో పేరు వచ్చింది.

"ఈ సౌండు హర్ష ఎవరు?"

రాగిణి వెనక్కి తిరగకుండానే పక్కకి వేలు చూపించింది.

"మంచిగ వినవడ్డది బాబూ, మాట," అన్నాడు లక్ష్మయ్య. "ఇందాక నువ్వు మా పిల్లతోని అన్నది గూడ మంచిగనే వినవడ్డది. ఆదివారం మీ అమ్మానాయినలను తోల్కొని ఇంటికి రా. మాట్లాడుకుందాం."

హర్ష కంగారుగా లేచి నమస్కారం పెట్టబోయాడు.

"కూసోమంటి కదా! ఇంక పేర్లున్నయ్."

నిజంగానే ఉన్నాయి. 'పరుపులు ఇచ్చినవారు' అని వచ్చి, దానికింద ఇరవై ఎనిమిది మంది అమ్మాయిల పేర్లు రూమ్ నంబర్లతో సహా పైకి నడిచాయి. ముందు రెండు వరసలూ సీట్లమీదికెక్కి ఈలలు వేశాయి. రాగిణి కూడా రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని, పక్కనున్న హర్ష చెవులు గింగురుమనేలా ఈల వేసింది. అతను చెవులు మూసుకోలేదు.